జియోజీబ్రా: లాక్‌డౌన్ నుంచి ఇప్పటిదాకా ఒక లెక్కల టీచర్ వాడకం

బడులు మూతపడ్డప్పుడు వేరే దారి లేక పట్టుకున్న జియోజీబ్రాని, బడులు తెరిచాక కూడా నేను వదల్లేదు. 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తన మాస్టర్స్ చదువులో భాగంగా తయారుచేసిన, లెక్కల బొమ్మలూ గ్రాఫులూ గీసే సాఫ్ట్‌వేర్ ఇది. పిల్లలకూ టీచర్లకూ ఉచితం. జామెట్రీకి బాగుంటుందని అందరూ చెప్పేదే. నాకు బాగా అక్కరకొచ్చింది మాత్రం టీకా లెక్కల దగ్గర.

ఇంట్లో పెద్దవాళ్లు అనుకునే మాటలే పిల్లలు క్లాసులో అడిగేవారు. "95 శాతం పనిచేస్తుందంటే, వేసుకున్న వందమందిలో అయిదుగురికి జబ్బు వస్తుందనేగా సార్?" కాదు. 2020లో వచ్చిన ఫైజర్ ట్రయల్ ఫలితాల్లో, దాదాపు సమానమైన రెండు గుంపుల్లో ఉప్పునీటి ఇంజక్షన్ తీసుకున్న 162 మందికి, టీకా తీసుకున్న 8 మందికి కోవిడ్ వచ్చింది. 8ని 162తో భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేస్తే ఆ 95 శాతం. ఇది బోర్డు మీదా చెప్పొచ్చు.

బోర్డు చాలనిది రెండో ప్రశ్న: "ఆస్పత్రిలో ఉన్నవాళ్లలో సగంమంది టీకా వేసుకున్నవాళ్లేనట. మరి టీకా ఎందుకు?" దీనికి వెయ్యిమంది ఉన్నారనుకుని, వాళ్లలో ఎంతమందికి టీకా అందిందో మార్చడానికి ఒక స్లైడర్ (వేలితో జరిపితే అంకె మారే మీట) పెట్టాను. ఆస్పత్రిపాలయ్యే అవకాశం టీకా వేసుకుంటే 1 శాతం, వేసుకోకపోతే 9 శాతం అనుకుందాం. 500 మందికి టీకా అందితే ఆస్పత్రిలో చేరేది 50 మంది, అందులో టీకా వేసుకున్నవాళ్లు అయిదుగురే. 900కి జరపండి: ఇటు 9, అటు 9. సరిగ్గా సగం! కానీ మొత్తం 18కి పడిపోయింది. ఆస్పత్రిలో టీకా వేసుకున్నవాళ్ల వాటా చూపే గీత పైకీ, మొత్తం చూపే గీత కిందికీ ఒకేసారి కదలడం కళ్లారా చూశాక క్లాసులో వాదన ఆగిపోయి, "990 పెడితే ఎంత సార్?" అన్న ప్రశ్న వచ్చింది.

అంతమాత్రాన ఇంట్లోవాళ్ల భయం పోతుందని చెప్పను. ఇంజక్షన్ తర్వాత ఒళ్లు బాగా చెడినవాళ్లకి గ్రాఫ్ జవాబు కాదు, ఓపిగ్గా వినే డాక్టరు కావాలి. శాతాల వల్ల పుట్టిన అనుమానాలు మాత్రం శాతాలతోనే తీరతాయి, అక్కడ ఈ పనిముట్టుకి నేను నిండుగా మార్కులేస్తాను.

జాగ్రత్తపడాల్సింది స్లైడర్ దగ్గరే. ఆలోచించకుండా అటూ ఇటూ లాగి జవాబు రాసేసుకోవచ్చు. అందుకే ముందు అంచనా నోట్‌బుక్‌లో రాయాలి, తర్వాతే ఫోన్ ముట్టుకోవాలని నా క్లాసులో నియమం. జియోజీబ్రాలోనే ఉన్న క్లాస్‌రూమ్ అనే సదుపాయంలో ఎవరు ఏం చేస్తున్నారో అప్పటికప్పుడు కనిపిస్తుంది, వెనకబడ్డవాళ్లని ముందే పట్టుకోవచ్చు. చిన్న ఫోన్ మీద సమీకరణాలు టైప్ చేయడం పిల్లలకి కష్టమే. నేను అంతా సిద్ధంచేసి, స్లైడర్ ఒక్కటే కదిపేలా లింక్ పంపుతాను. నెట్ సరిగా లేని ఇళ్లలో యాప్ ముందే దింపి ఉంచుకుంటే ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుంది.