బ్రష్ కట్టర్లు: షాపులో ఏ లైన్ పెడితే మేలు?

నాది బ్రష్ కట్టర్లు, అంటే భుజాన తగిలించుకుని గడ్డి, తుప్పలు కొట్టే మిషన్లు, అమ్మి రిపేరు చేసే షాపు. మే నెలాఖరు వచ్చిందంటే నాకు ఇవే ఫోన్లు. "అన్నా, కొత్తగా షాపు పెడుతున్నా. బ్రష్ కట్టర్లు ఏ లైన్ తీసుకోమంటావు? టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? హోండానా, స్టిల్‌నా, లేక పదివేలలో వచ్చే మిషన్లా?" ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడదామనిపించింది.

మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. చుట్టూ ఆయిల్ పామ్, మామిడి, జీడిమామిడి, కొబ్బరిలో కోకో. ఇక్కడ బ్రష్ కట్టర్ కొనేది చెట్ల పాదులు శుభ్రం చేయడానికి, గట్ల మీద గడ్డి కొట్టడానికి. కాబట్టి నేను చెప్పేది తోటల మీద బతికే ఊళ్లకు బాగా సరిపోతుంది. వరి కోతకు, పశుగ్రాసానికి కొనేవాళ్లు ఎక్కువున్న చోట లెక్క కొంత మారుతుంది.

మిషన్ ఎంత పవర్, ఎంత బరువు అన్నవి కేటలాగ్‌లో ఉంటాయి. షాపు పెట్టేవాడు చూసుకోవలసింది వేరే ఉంది. అమ్మిన మిషన్ మూడు నెలలకు తిరిగి రిపేరు బెంచ్ మీదికి వస్తుంది. ఏ జబ్బుతో వస్తుంది, ఆ రోజు మన సొరుగులో దానికి కావలసిన సామాను ఉంటుందా లేదా అన్నదే నా మట్టుకు అసలు ప్రశ్న. దాన్నిబట్టే మీ షాపు పేరు నిలబడుతుంది.

టూ స్ట్రోక్ అంటే పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాల్సిన ఇంజిన్. మా బెంచ్ మీదికి వచ్చే టూ స్ట్రోక్ మిషన్లలో పెద్ద రిపేరు ఎప్పుడూ ఒకటే. కస్టమర్ వచ్చి "తాడు లాగుతుంటే రావట్లేదండి, పట్టేసింది" అంటాడు. సైలెన్సర్ బోల్టులు విప్పి, ఆ కంతలోంచి ఫోన్ టార్చి వేసి చూస్తాను. పిస్టన్ మెరుస్తూ నున్నగా ఉండాల్సిన చోట పైనుంచి కిందికి నిలువుగా గీతలు కనపడతాయి, గోళ్లతో రక్కినట్టు. పెట్రోల్‌లో ఆయిల్ కలపకుండా నడిపితే వచ్చే గీతలవి. "ఆయిల్ కలిపారా అండి?" అని అడిగితే "మొన్న కలిపాం కదండీ" అంటాడు. మొన్న కలిపింది యజమానే, నిజం. నిన్న వచ్చిన కూలీ మాత్రం బండిలోంచి పెట్రోల్ తీసి నేరుగా ట్యాంకులో పోశాడు. అతని తప్పు కూడా కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇలా పట్టేసిన ఇంజిన్‌కు ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు. పిస్టన్, సిలిండర్ రెండూ మార్చాలి. బిల్లు చూసి కస్టమర్ కంపెనీని అనడు, మనల్ని అంటాడు. "ఆ షాపులో కొన్న మిషన్ రెండు నెలలకే పోయింది" అన్న మాట ఊరంతా తిరుగుతుంది. మా మెట్టలో ఒక మిషన్‌ను నలుగురు వాడతారు. యజమాని, కొడుకు, పాలేరు, పక్క తోట వాళ్లు. లీటరుకు ఎన్ని ఎంఎల్ కలపాలో నలుగురికీ గుర్తుండదు. పైగా ఒక కంపెనీ 1:50 అంటుంది, అంటే లీటరుకు 20 ఎంఎల్. ఇంకోటి 1:25 అంటుంది, అంటే 40 ఎంఎల్. ఇంట్లో రెండు రకాల మిషన్లు ఉంటే తికమక ఖాయం.

అందుకే నా మొగ్గు ఫోర్ స్ట్రోక్ వైపు. పెట్రోల్ వేరు, ఇంజిన్ ఆయిల్ వేరు, మోటార్ సైకిల్‌లాగే. కూలీ బండిలోంచి పెట్రోల్ తీసి పోసినా ఏమీ కాదు. హోండా జీఎక్స్ 35 ఇంజిన్‌తో వచ్చేవి ఈ తరగతిలో బాగా తెలిసినవి. 35.8 సీసీ ఇంజిన్, పట్టే ఆయిల్ దాదాపు 100 ఎంఎల్, చిన్న టీ గ్లాసుడు. మిషన్‌ను ఎటు వంచినా ఇంజిన్‌కు ఆయిల్ అందుతుంది, కాబట్టి ఏటవాలు గట్ల మీద కూడా ఇబ్బంది లేదు.

ఫోర్ స్ట్రోక్‌కు జబ్బులు లేవని కాదు. ఆయిల్ మార్చకపోవడం పెద్ద జబ్బు. మొదటి పది గంటలకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి యాభై గంటలకు మార్చాలి. చాలామంది అసలు మూతే తీయరు. ఇంకొందరు ఎక్కువైతే మంచిదేగా అని నిండా పోస్తారు, అది ఎయిర్ ఫిల్టర్‌లోకి వచ్చి తెల్ల పొగ కక్కుతుంది. వాల్వు గ్యాప్ సెట్ చేయడం మెకానిక్‌కు తెలిసి ఉండాలి. బరువు కొంచెం ఎక్కువ, గట్టి కాడలున్న తుప్పల మీద టూ స్ట్రోక్ లాగినంత చురుగ్గా లాగదు. కానీ తేడా గమనించండి. ఎక్కువ పోసిన ఆయిల్ తీసేసి, ఫిల్టర్ కడిగితే పావుగంటలో మిషన్ ఇంటికి వెళ్తుంది. ఆయిల్ లేక పట్టేసిన టూ స్ట్రోక్ వారం రోజులు బెంచ్ మీదే ఉంటుంది.

స్టిల్, హస్క్‌వర్నా లాంటి మంచి టూ స్ట్రోక్ మిషన్లను తక్కువ చేయడం లేదు. ఎకరాల లెక్కన కూలికి గడ్డి కోసేవాళ్లకు నేను అవే చూపిస్తాను. రోజంతా మిషన్ భుజాన ఉండేవాడికి బరువు, పవర్ రెండూ ముఖ్యమే, ఆయిల్ కొలత అతనికి కంఠతా. అతని మిషన్‌ను ఇంకొకడు ముట్టుకోడు కూడా. అలాంటివాళ్లు మీ ఊళ్లో పదిమంది ఉంటే ఈ లైన్ బాగా నడుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. స్టిల్‌లో ఫోర్ మిక్స్ అని ఒక రకం ఇంజిన్ ఉంది. వాల్వులు ఫోర్ స్ట్రోక్‌లా ఉంటాయి గానీ కలిపిన పెట్రోల్ మీదే నడుస్తుంది. ఫోర్ అన్న పేరు చూసి వట్టి పెట్రోల్ పోసేవాళ్లు ఉంటారు. అమ్మేటప్పుడే ట్యాంకు మీద మార్కర్‌తో తెలుగులో "ఆయిల్ కలపాలి" అని రాసి పంపండి.

ఇక ఆ పదివేలలో వచ్చేవి, అంటే చైనా నుంచి వచ్చి ఇక్కడి పేర్లతో అమ్ముడయ్యే 52 సీసీ మిషన్లు. లేబుల్ ఏదైనా లోపల చాలావరకు అదే 44 ఎంఎం పిస్టన్ ఇంజిన్. వీటి గొప్పతనం కూడా అదే. కార్బురేటర్, క్లచ్, స్టార్టర్ ఒక లేబుల్‌వి ఇంకో లేబుల్‌కు చాలాసార్లు సరిపోతాయి, హోల్‌సేల్‌లో తేలిగ్గా దొరుకుతాయి. నేను మొదట్లో వీటితోనే మొదలుపెట్టాను. అప్పుడు సరుకిచ్చిన డిస్ట్రిబ్యూటర్ రెండో సీజన్‌కల్లా ఫోన్ ఎత్తడం మానేశాడు. వారంటీ కాగితాలు పట్టుకొచ్చినవాళ్లకు నా జేబులోంచి సామాను వేసి ఇచ్చాను. ఆ సీజన్లో మిగిలిందేమీ లేదు. ఇప్పుడు ఈ మిషన్లు అమ్మడం మానేశాను, వీటి సామాను మాత్రం సొరుగు నిండా ఉంటుంది. ఎక్కడ కొన్నవాళ్లయినా రిపేరుకు వస్తారు, మళ్లీ మిషన్ కొనేటప్పుడు మన దగ్గరే అడుగుతారు.

బ్యాటరీవి ఇళ్ల ముందు లాన్‌లకు బాగుంటాయి. తోట పనికి మా వైపు ఇంకా అడిగేవాళ్లు లేరు. ఒకటి డిస్‌ప్లేకి పెట్టుకుంటే చాలు.

ఏ లైన్ తీసుకున్నా ఒక సంగతి మర్చిపోవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది. సీజన్ అయ్యాక ట్యాంకులో పెట్రోల్ ఉంచేసి మిషన్‌ను మూల పడేస్తే, మళ్లీ వానలకు తీసేసరికి కార్బురేటర్‌లో డయాఫ్రమ్, అంటే పెట్రోల్‌ను లాగే పల్చటి పొర, గట్టిపడి ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టమని ప్రతి కస్టమర్‌కూ చెప్పండి. డయాఫ్రమ్ కిట్లు డజనుకు తక్కువ కాకుండా ఉంచుకోండి, జూన్‌లో అన్నీ అయిపోతాయి.

సబ్సిడీ మీద అమ్మాలనుకునేవాళ్లు డిస్ట్రిబ్యూటర్‌ను ఆ మోడల్ టెస్ట్ రిపోర్ట్ అడగండి. మన దక్షిణాదికి కేంద్ర ప్రభుత్వ టెస్టింగ్ సంస్థ అనంతపురం దగ్గర గార్లదిన్నెలో ఉంది. రిపోర్ట్ కాపీ చేతికివ్వని మోడల్‌ను సబ్సిడీ ఆశతో స్టాక్ పెట్టొద్దు.

డిపాజిట్ కట్టే ముందు ఒక పని చేయండి. మీరు తీసుకోబోయే మోడల్‌కు కార్బురేటర్, క్లచ్, స్టార్టర్, పిస్టన్ సెట్, గేర్ హెడ్ ఒక్కొక్కటి డబ్బులు ముందే కట్టి ఆర్డర్ పెట్టండి. ఎన్ని రోజులకు వస్తాయో క్యాలెండర్ మీద రాసుకోండి. వారంలో అన్నీ వస్తే ఆ లైన్ తీసుకోండి. పిస్టన్ సెట్ "పై నుంచి రావాలండి" అన్నారంటే, ఎంత మార్జిన్ ఇస్తానన్నా నేనైతే తీసుకోను.

మొదటి సీజన్‌కు పది మిషన్లు పెట్టగలిగితే ఏడు ఫోర్ స్ట్రోక్, మూడు మంచి టూ స్ట్రోక్ పెట్టండి. ప్రతి టూ స్ట్రోక్‌తో పాటు గీతలున్న కొలత సీసా ఒకటి ఉచితంగా ఇచ్చి, మొదటి లీటరు మీరే వాళ్ల ఎదుట కలిపి చూపించండి.