ఆ ‘అక్క’ దగ్గర పాలిమర్ క్లే కొనకండి. నా నాలుగువేలు నీళ్ళలో కరిగిపోయాయి, అక్షరాలా

కోపంలో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పేరు రాయను. పాలిమర్ క్లే అంటే ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద, నగలు చేస్తాం దాంతో. క్లే నగలు చేసేవాళ్ళలో సగం మందికి ఎలాగూ తెలిసిపోతుంది. పువ్వుల రీల్స్ పెట్టి కింద ‘క్లే కావాలంటే మెసేజ్ చెయ్యండి’ అని రాస్తుందే, ఆవిడే. కామెంట్లు ఎప్పుడూ మూసే ఉంటాయి. అది చూసైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు.

టెక్కలిలో మా పిన్ని కూతురి పెళ్ళి. ఆరుగురు ఆడపిల్లలకి ఒకేలాంటి మందారపువ్వు పెండెంట్ హారాలు చేసిస్తానని నేనే నోరు జారాను. 57 గ్రాముల ముద్దలు 20, ఒక్కోటి 190. పైన కొరియర్ 200, ‘ఒడిశా కదా చెల్లీ’ అని. ఆంధ్రా వైపు పాతపట్నం అయితే 80 అట! పాతపట్నం నుంచి మా పర్లాకిమిడికి ఆటోలో వచ్చేయొచ్చు, నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని. కానీ ‘చెల్లీ’ అంది కదా, ఆ ఒక్క మాటకి మురిసిపోయి మొత్తం ముందే పంపేశాను.

పార్సిల్ వచ్చింది. తొమ్మిది ముద్దలు ప్యాకింగ్ రేకు విప్పగానే అటుకుల్లా రాలిపోయాయి. ఎండలోనో వేడి గోడౌన్‌లోనో పడేసి ఉంటారు, పాలిమర్ క్లే వేడి తగిలితే ప్యాకెట్‌లోనే సగం ఉడికిపోతుంది. సరే, పాత సరుకు అంటగట్టింది అనుకున్నాను. మిగతా పదకొండూ వెన్నలా ఉన్నాయి. ఎంత బాగుందో అని సంబరపడ్డాను కూడా.

రెండు రాత్రులు కూర్చున్నాను. బఠాణీ గింజంత ఉండ చేసి, ఒక కొస సాగదీసి, వేలితో అదిమి, అంచుని గుండ్రటి మొన ఉన్న పనిముట్టుతో పల్చగా నొక్కుతూ పోతే రేకు దానంతటదే వంకీలు తిరుగుతుంది. పళ్ళు కుట్టుకునే పుల్లతో ఈనెలు గీయాలి. అలాంటివి ఐదు కలిపితే పువ్వు. మధ్యలో సన్నటి తీగ, దాని చివర ఆవగింజల్లో సగం ఉండే పసుపు చుక్కలు. వెనక గొలుసుకి కొక్కెం. ఒక్కో పువ్వుకి గంటన్నర పట్టింది.

ఆ మధ్యలోనే తెలిసిపోవాల్సింది. పక్కన పెట్టిన రేకు నేను టీ తాగి వచ్చేసరికి బిరుసెక్కింది. అసలైన పాలిమర్ క్లే గాలికి ఆరదు, వారం వదిలేసినా ఓవెన్‌లో పెట్టేదాకా మెత్తగానే ఉంటుంది. ఇది నాకు తెలియని విషయమా? నేను పదిమందికి చెప్పిన విషయం! అయినా ‘ఫ్యాన్ గాలేమోలే’ అనుకుని ఫ్యాన్ కట్టేసి, చెమటలు కక్కుతూ చేశాను. మహా తెలివి.

ఓటీజీలో, అదే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, 130 డిగ్రీలు, 30 నిమిషాలు. లోపల విడిగా థర్మామీటర్ కూడా పెడతాను, ఓటీజీ గుండీని నేను నమ్మను. పది నిమిషాలకి అద్దంలోంచి చూస్తే రేకులు పూరీల్లా పొంగుతున్నాయి. తర్వాత పగుళ్ళు. తీసేసరికి ఒక పువ్వుకి మూడు రేకులే మిగిలాయి. కాల్చని ముద్దలోంచి చిటికెడు తీసి గ్లాసు నీళ్ళలో వేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే గ్లాసులో అట్లపిండి. గాలికి ఆరే చవకరకం మట్టిని ప్యాకింగ్ రేకులో చుట్టి పాలిమర్ క్లే అని అమ్మింది.

ఫోటోలన్నీ పంపాను. రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడోరోజు ‘అన్‌బాక్సింగ్ వీడియో ఉందా మేడమ్?’ అని. చెల్లి పోయి మేడమ్ వచ్చింది. వీడియో లేదు, అది నా తప్పే. థర్మామీటర్ ఫోటో, నీళ్ళ గ్లాసు ఫోటో మళ్ళీ పంపాను.

అప్పుడొచ్చింది వాయిస్ మెసేజ్. 22 సెకన్లు. “మేడమ్, ఎలా కాల్చాలో తెలుగులో చీటీ పెట్టాం. మీరు ఒడిశావాళ్ళు కదా, తెలుగు చదవడం సరిగా రాక ఎక్కడో పొరపాటు చేసుంటారు. మా తెలుగు కస్టమర్లు ఎవరూ ఇలా అనలేదు.” వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారికి మా అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి “ఏటంటాది?” అంది.

నాకు తెలుగు రాదట! వాడుక తెలుగు కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే అక్కా. నువ్వు ఆ చీటీ మీద గ్రాంథికం లేకుండా ‘బాగా పిసికి కాల్చండి’ అని రాయగలిగావంటే అందులో మా ఊరి ఉప్పు కాస్త ఉంది. 1936లో ఒడిశాని వేరు చేస్తూ గీత గీసినప్పుడు మా ఇల్లు ఒడిశాలో పడింది, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఆ గీతకి నువ్వు నా దగ్గర 120 రూపాయలు ఎక్కువ తీసుకున్నావు, ఇచ్చాను. డబ్బు తిన్నావు, పోనీ. భాష జోలికెందుకు?

ఇదంతా ఆవిడకే రాశాను. పంపేలోపు ఆవిడ ప్రొఫైల్ ఫోటో మాయమైంది. బ్లాక్.

మా వీధిలో కొమ్ముతో కొంగలు చెక్కే తాతగారు విరిగిన పువ్వు చేతిలో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, “పనితనం బాగుందే పిల్లా, సరుకే లేదు” అన్నారు. ఏడుపు అప్పుడొచ్చింది.

సరే, కొనేవాళ్ళు ముందు ఒక్క ముద్దే తెప్పించుకోండి. చిటికెడు నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచండి, కరిగితే అది పాలిమర్ క్లే కాదు. విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, మోసపోయినవాళ్ళు మీరూ చెయ్యండి. పెళ్ళికి ఇంకా ఎనిమిది రోజులుంది, నమ్మకమైనవాళ్ళు ఎవరైనా ఎర్ర క్లే త్వరగా పంపగలిగితే చెప్పండి.

మిగిలిన ముద్దలతో మా అమ్మ పెరట్లో ఎలక కన్నం మూసింది. నిన్న రాత్రి వాన పడింది. కన్నం మళ్ళీ తెరుచుకుంది.