ఆపరేషన్ గంగ: విమానం బాగానే వచ్చింది, కబురే ఆలస్యమైంది

ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను, చివరి పన్నెండేళ్లు బస్టాండ్ కంట్రోలర్‌గా. సర్వీసు ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను సీట్లు చూడను, ఏసీ చూడను. రద్దీ వస్తుందని ఎప్పుడు తెలిసింది, బండి ఎప్పుడు పెట్టారు, ప్రయాణికుడికి ఏమని చెప్పారు, ఈ మూడే చూస్తాను. 2022లో ఉక్రెయిన్ యుద్ధం నుంచి మన పిల్లల్ని తెచ్చిన ఆపరేషన్ గంగ గురించి కూడా అలాగే రాస్తున్నాను. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న మా పెద్దమ్మాయి ఆ విమానాల్లో ఒకదాంట్లో వచ్చింది. 2025 జూన్‌లో ఇరాన్ నుంచి పిల్లల్ని తెచ్చినప్పుడు టీవీలో మళ్లీ అవే పూలు, అవే చప్పట్లు చూశాక, ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నది రాసేయాలనిపించింది.

ముందు మంచి చెబుతాను, ఎందుకంటే అది నిజం. రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో విమానం ఎక్కిన పిల్లల దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఢిల్లీలో దిగగానే తెలంగాణ వాళ్లు ఎవరు, ఆంధ్ర వాళ్లు ఎవరు అని అడిగి విడివిడిగా కూర్చోబెట్టారు. అన్నం పెట్టారు, పప్పు పోశారు. ఆ పప్పన్నం గురించి మా అమ్మాయి ఇప్పటికీ చెబుతుంది. అక్కడి నుంచి శంషాబాద్ టికెట్ కూడా ప్రభుత్వానిదే. ఈశాన్య ఉక్రెయిన్‌లోని సుమీ ఊళ్లో చిక్కుకున్న దాదాపు 700 మందిని మార్చి 8న పోల్తావా మీదుగా బయటికి తెచ్చారు. దానికి ముందు రోజే మన ప్రధాని పుతిన్‌తోనూ జెలెన్‌స్కీతోనూ ఫోన్లో మాట్లాడారు. రెండు దేశాలూ మన ఫోన్ ఎత్తే స్థితిలో ఉండటం చిన్న విషయం కాదు. నలుగురు కేంద్రమంత్రులు సరిహద్దు దేశాలకు వెళ్లారు. మొత్తం 90 విమానాలు, అందులో 14 వైమానిక దళానివి. ఆ విమానాలు నడిపినవాళ్లకు, సరిహద్దులో రాత్రంతా నిద్ర లేకుండా పేర్లు రాసుకున్నవాళ్లకు ఈ తండ్రి దండం పెడుతున్నాడు.

కానీ రద్దీ ఎప్పుడొస్తుందో ముందే తెలుసు కదా.

ఫిబ్రవరి 15. ఆ మర్నాడే మేడారం జాతర మొదలు. నేను తాత్కాలిక బస్టాండ్‌లో డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం అమ్మాయి వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో పంపింది. కీవ్‌లోని మన ఎంబసీ ఇచ్చిన సలహా. అక్కడ ఉండటం తప్పనిసరి కానివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లిపోవడం గురించి ఆలోచించవచ్చు అని దాని సారాంశం. కింద అమ్మాయి ఒక్క ముక్క రాసింది. "నాన్నా, నేనుండటం తప్పనిసరా, కాదా?"

మూడో సంవత్సరం ఎంబీబీఎస్. క్లాసులు నేరుగా జరుగుతున్నాయి. హాజరు తగ్గితే ఫీజు కట్టి ఆ క్లాసులు మళ్లీ చేయాలి. కాలేజీని అడిగితే ఆన్‌లైన్ లేదంది, ఏమీ కాదంది. మేము డబ్బు కట్టిన కన్సల్టెన్సీ అతను ఇంకా గట్టిగా చెప్పాడు, "అంకుల్, టెన్షన్ పడకండి, వాళ్లకిది ఎప్పుడూ ఉండేదే" అని. ఇంతమంది ఉండమంటుంటే ఒక్క కాగితం "ఆలోచించవచ్చు" అంటే నేనేం జవాబు చెప్పాలి? "రెండు రోజులు చూద్దాం బిడ్డా" అని రాశాను. ఆ మాట నాదే. ఆ భారం కూడా నాదే.

కాకపోతే మైక్ పట్టుకున్నవాడిగా ఒక విషయం చెప్పాలి. మేడారంలో తిరుగు ప్రయాణం రద్దీ మొదలయ్యేటప్పుడు "వెళ్లాలనుకున్నవారు వెళ్లవచ్చు" అని మైక్‌లో చెబితే ఒక్కరూ కదలరు. గద్దెల దగ్గరే కూర్చుంటారు. చీకటి పడ్డాక అందరూ ఒకేసారి మీదపడతారు, తొక్కిసలాట అవుతుంది. అందుకే మేము "హనుమకొండ బస్సులు మూడో క్యూలో ఉన్నాయి, రాత్రికి రద్దీ పెరుగుతుంది, ఇప్పుడే ఎక్కండి" అంటాం. అటు బస్సు ఉంచి ఇటు మాట చెబుతాం. రెండిట్లో ఏది లేకపోయినా జనం కదలరు.

అమెరికా, బ్రిటన్ ఫిబ్రవరి 11 నాటికే తమ వాళ్లకు ఆ దేశం విడిచి వచ్చేయమని నేరుగా చెప్పాయి. మన కాగితం 15న వచ్చింది, అది కూడా మెత్తగా. 20న ఇంకోటి. కాలేజీల మాట కోసం ఆగకండి, వెళ్లిపోండి అన్న స్పష్టమైన మాట 22న వచ్చింది. యుద్ధం 24న తెల్లవారుజామున మొదలైంది. రెండు రోజుల్లో ఇరవై వేల మంది ఎక్కడికి పోతారు, ఏ విమానంలో పోతారు? 22, 24, 26 తేదీల్లో మూడు ప్రత్యేక విమానాలు అన్నారు. మొదటిది వచ్చింది. 24న బయల్దేరింది గగనతలం మూసేయడంతో మధ్యలోనే వెనక్కి తిరిగింది. ఆ వారంలో మేము చూసిన టికెట్ ధరలు 60 వేలు దాటాయి. ఉచిత విమానం యుద్ధానికి ముందు లేదు, బాంబులు పడ్డాక వచ్చింది. పది రోజుల ముందు సగం ధరకు సీట్లు పెట్టి ఉంటే, పుస్తెలు తాకట్టు పెట్టైనా మా ఇంటికి పిల్ల వచ్చేది.

విదేశాంగ మంత్రి మార్చి 15న పార్లమెంటులో చెప్పిన లెక్కే చూడండి. యుద్ధానికి ముందు వచ్చేసినవారు సుమారు 4 వేలు. లోపల చిక్కుకున్నవారు సుమారు 18 వేలు. కాలేజీలు ఆన్‌లైన్ ఇవ్వలేదు, పిల్లలు చదువు పోతుందని ఆగారు అని కారణం చెప్పారు. అది అబద్ధం కాదు, మా ఇంట్లో జరిగిందే. కానీ ప్రయాణికులు ఎందుకు ఆగిపోతున్నారో జనవరిలో పేర్లు నమోదు చేసుకున్నప్పుడే తెలిసినవాళ్లు, ఆ కారణాన్ని ముందే తీసేయాలి కదా. ప్రభుత్వానికి ప్రభుత్వం మాట్లాడి ఆన్‌లైన్ క్లాసులు ఫిబ్రవరి మొదట్లోనే ఇప్పించే ప్రయత్నం గట్టిగా జరగాల్సింది.

ఎందుకింత మెత్తదనం? నాకు అనిపించేది చెబుతాను. యుద్ధం తప్పదని గట్టిగా అంటే రష్యాను వేలెత్తి చూపినట్టు అవుతుందేమోనని మన ప్రభుత్వం జంకింది. భద్రతా మండలిలో 25న మనం ఓటు వేయకుండా ఉన్నాం. ఆ తర్వాత రష్యా చమురు మన దిగుమతుల్లో రెండు శాతం లోపు నుంచి మూడో వంతు దాటింది. దేశానికి చమురు అవసరమే, ఎవరితోనూ తెగతెంపులు వద్దు, ఒప్పుకుంటాను. కానీ దౌత్యం భాష వేరు, సొంత పిల్లలకు చెప్పే భాష వేరు. మొదటిది ఎంత మెత్తగా ఉన్నా ఫర్వాలేదు. రెండోది మాత్రం మైక్‌లో చెప్పినట్టు ఉండాలి.

మా అమ్మాయి ఉన్నది వినిట్సియాలో. 26న ఇరవై మంది పిల్లలు కలిసి డబ్బులేసుకుని ఒక బస్సు మాట్లాడుకున్నారు. బస్సు అద్దానికి మన జెండా అంటించమన్నారట. జెండా ఎక్కడుంది? నోట్‌బుక్ కాగితాలు నాలుగు అతికించి స్కెచ్ పెన్నులతో గీశారు. కాషాయం రంగు లేక ఎరుపు మీద పసుపు రుద్దారు. ఇరవై నాలుగు గీతలు సరిగ్గా రావాలని ఒక కరీంనగర్ పిల్లాడు గిన్నె మూత పెట్టి చక్రం గీశాడట. ఆ కాగితాన్ని చెక్‌పోస్టుల దగ్గర చూసి వదిలేశారు. మన దేశం పేరుకున్న విలువ అది, దాన్ని నేను తక్కువ చేయను.

సరిహద్దుకు చాలా దూరంలోనే కార్లు బారులు తీరి ఉన్నాయని డ్రైవర్ దించేశాడు. మంచులో సూట్‌కేసు చక్రాలు తిరగలేదు. చివరికి సూట్‌కేసు రోడ్డు పక్కన వదిలేసి, సర్టిఫికెట్ల సంచి, ఫోను, పవర్ బ్యాంకు మాత్రం తీసుకుని నడిచింది. రెండు రాత్రులు గేటు దగ్గర నిలబడింది. నేను ఇక్కడ ఒక హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను, మోగింది కానీ ఎత్తలేదు. అవతల సిరెట్‌లో రొమేనియా ఆడవాళ్లు వేడి సూప్, సాక్సులు ఇచ్చారు. తడిసిన సాక్సులు విప్పేసరికి కాళ్లు తెల్లగా ఉబ్బిపోయి ఉన్నాయని వీడియో కాల్‌లో చూపించింది. మా ఆవిడ ఫోను పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మా పిల్ల ఉన్నది పడమర వైపు. తూర్పున రష్యా సరిహద్దు దగ్గరున్న ఖార్కివ్ పిల్లల సంగతి ఇంకా కష్టం. మార్చి 1న కర్ణాటక హావేరి జిల్లా విద్యార్థి ఒకరు అక్కడ షెల్లింగ్‌లో చనిపోయాడు. మర్నాడు వచ్చిన సలహాలో మెత్తదనం అస్సలు లేదు. వెంటనే ఖార్కివ్ వదలండి, బస్సు, రైలు దొరక్కపోతే కాలినడకన పిసోచిన్, బబాయి, బెజ్‌ల్యుడోవ్కా చేరండి, సాయంత్రం ఆరింటిలోగా. అంటే 11 నుంచి 16 కిలోమీటర్లు, గుళ్ల వర్షంలో, కొన్ని గంటల్లో. సూటిగా, ఊళ్ల పేర్లతో, టైంతో చెప్పడం మనవాళ్లకు వచ్చన్నమాట. ఆ మాట రెండు వారాల ముందు రావాల్సింది.

తర్వాత ఎన్నికలొచ్చాయి. 2024లో బీజేపీ ప్రచార వీడియోలో ఒక విద్యార్థిని వచ్చి, మోదీ యుద్ధం ఆపించి మమ్మల్ని తెచ్చారు అని తండ్రితో చెబుతుంది. ఎవరో మన కోసం బాంబులు ఆపారన్నది సరికాదని 2022 మార్చి 3నే మన విదేశాంగ శాఖ ప్రతినిధి స్వయంగా చెప్పారు. ఆ వీడియో చూసి మా అమ్మాయి టీవీ కట్టేసింది. ఆమె నడిచిన దూరాన్ని ఎవరో తమ ఖాతాలో వేసుకున్నట్టు ఆమెకు అనిపించింది. నాకూ అలాగే అనిపించింది.

ఇల్లు చేరాక సర్వీసు అయిపోయినట్టే లెక్క. ఇక్కడి కాలేజీల్లో సీట్లివ్వడానికి చట్టం ఒప్పుకోదని 2022 సెప్టెంబర్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. వేరే దేశం కాలేజీకి మారవచ్చని అంతకు కొద్ది రోజుల ముందే మెడికల్ కమిషన్ అనుమతి ఇచ్చింది. చివరి ఏడాదుల్లో ఉండి ఆన్‌లైన్‌లో పూర్తిచేసినవాళ్లకు 2023 మార్చిలో ఇక్కడ పరీక్ష రాసే అవకాశం, ఆపైన రెండేళ్ల ఇంటర్న్‌షిప్. మా పిల్ల మూడో సంవత్సరం కాబట్టి అది వర్తించలేదు. ఏడు నెలలు ఇంట్లో కూర్చుని, మళ్లీ ఫీజు కట్టి జార్జియా వెళ్లింది. నా రిటైర్మెంట్ డబ్బులో పెద్ద భాగం అక్కడే పోయింది.

ఇరాన్ విషయంలో కూడా ఇజ్రాయెల్‌తో యుద్ధం 2025 జూన్ 13న మొదలైతే ఆపరేషన్ సింధు 18న ప్రకటించారు. మొదట వచ్చిన 110 మంది విద్యార్థులు ఆర్మీనియా దాకా రోడ్డున వెళ్లి అక్కడ విమానం ఎక్కారు. వచ్చినందుకు సంతోషం. కానీ వరస మారలేదు.

నా మార్కులు: విమానాలకు, సిబ్బందికి పదికి తొమ్మిది. ముందస్తు హెచ్చరికకు రెండు. తిరిగొచ్చిన పిల్లల చదువుకు మూడు.

అమ్మాయి జార్జియా రాజధాని తిబిలిసికి వెళ్లేటప్పుడు తిరుగు టికెట్ కూడా అప్పుడే కొన్నాను, తేదీ ఎప్పుడైనా మార్చుకునే రకం. నాలుగు వేలు ఎక్కువ పడింది. దాని ప్రింట్ తీసి, ఆ స్కెచ్ పెన్ జెండా కాగితంతో పాటు ఆమె సర్టిఫికెట్ల సంచిలో పెట్టాను.