విజయనగరంలో ఇంటి ఫైబర్: ఓఎన్‌యూ పేజీలోని మైనస్ అంకె

మా ఇంటి ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్‌ని ఇన్నాళ్లూ వదలకుండా అంటిపెట్టుకోవడానికి కారణం దాని వేగం కాదు, ధర అంతకన్నా కాదు. ఓఎన్‌యూ, అంటే ఫైబర్ తీగ వచ్చి దూరే ఇంట్లోని పెట్టె, దాని లాగిన్ పేజీలో ‘ఆప్టికల్ ఇన్ఫో’ అని ఒక మూల ఉంటుంది. అందులో ‘ఆర్‌ఎక్స్ పవర్’ ఎదురుగా మైనస్ గుర్తుతో ఒక అంకె. తీగలోంచి మన పెట్టెకి చేరే వెలుతురు ఎంతో అది చెబుతుంది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. మా ఆపరేటర్ ఆ పేజీకి తాళం వెయ్యలేదు. ఇంతకుముందు వాడిన కనెక్షన్‌లో అది కనపడేది కాదు. ఫిర్యాదు చేస్తే ‘ఎర్ర లైటు వెలుగుతోందా’ అన్న ప్రశ్న దగ్గరే మాట ఆగిపోయేది.

ప్లాన్లు, ఓటీటీలు, రూటర్ ఫ్రీ కబుర్లు అందరికీ తెలిసినవే, వాటిని వదిలేస్తున్నాను. పైకీ కిందకీ ఒకే వేగం ఇవ్వడం మాత్రం చెప్పుకోవాలి. 2 జీబీ కంటైనర్ ఇమేజ్‌ని (సర్వర్‌కి పంపే సాఫ్ట్‌వేర్ మూటని) 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో తోస్తే 13 నిమిషాల పైమాటే. అదే 100 ఎంబీపీఎస్‌లో మూడు నిమిషాల లోపు. సినిమాలు చూసేవాళ్లకి ఈ తేడా తెలియదు, రోజుకి నాలుగైదుసార్లు ఇలాంటి మూటలు పంపేవాళ్లకి ప్రాణం లేచొస్తుంది.

అసలు కథ దసరా తర్వాతది. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగే దారిలో రోడ్డుకి అడ్డంగా వేలాడే కేబుళ్లు అలాగే ఉంటే మాను కదలదు కాబట్టి వాటిని దించుతారు, పండగయ్యాక మళ్లీ కడతారు. మా వీధికి వచ్చే లైను ఆ దారి దాటే వస్తుంది. మళ్లీ కట్టిన మర్నాటి నుంచీ వింత లక్షణాలు. ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరాన ఉన్న సర్వర్‌ని టెర్మినల్ నుంచి నడిపే పద్ధతి) టైపు చేస్తే అక్షరాలు కాసేపు ఆగి గుంపుగా వచ్చేవి. గిట్ క్లోన్, అంటే కోడ్ మొత్తాన్ని దించుకోవడం, సగంలో నిలబడిపోయేది. మీటింగులో అవతలివాళ్ల గొంతు ముక్కలు ముక్కలు. స్పీడ్ టెస్ట్ మాత్రం దాదాపు పూర్తి వేగం చూపించేది! లైన్ చూడ్డానికి వచ్చిన కుర్రాడిది కూడా న్యాయమైన మాటే: ‘ఏటండీ, లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి కదా.’

స్పీడ్ టెస్ట్ ఎందుకు మోసపోతుందంటే, అది ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది. ఒకటి తడబడితే మిగతావి ఆ ఖాళీ నింపేస్తాయి. మన క్లోన్, మన టెర్మినల్ ఒక్కో కనెక్షన్ మీదే నడుస్తాయి. నూటికి ఒక ప్యాకెట్ (డేటా ముక్క) దారిలో పోతూ, వెళ్లిరావడానికి 30 మిల్లీసెకన్లు పడితే, డేటాని సర్ది పంపే పాత తరహా టీసీపీ లెక్కలో ఒక్క కనెక్షన్‌కి 5 ఎంబీపీఎస్ దాటడం కష్టం. మీరు కట్టేది 100కో 200కో కావచ్చు, దానికి సంబంధం లేదు.

ఆ పేజీ తెరిస్తే ఎప్పుడూ -20 దగ్గర ఉండే అంకె -26.5కి దిగింది. గాలి వీస్తే -28 దాకా ఊగేది. జీపాన్ అంటే ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి. దానిలోని మామూలు ఓఎన్‌యూ గ్యారంటీగా చదవగలిగే హద్దు -27 డీబీఎం (వెలుతురు బలానికి కొలత). అంటే పూర్తిగా చీకటి కాదు, మసక వెలుతురులో చదువుకోవడం లాంటిది. అందుకే ఎల్‌ఓఎస్ లైటు (వెలుతురు రావడం లేదని చెప్పేది) ఎర్రబడేది కాదు, ఎప్పుడైనా ఒక్క క్షణం మెరిసి ఊరుకునేది.

-20 ఎక్కడినుంచి వస్తుందో చూడండి. ఆపరేటర్ గదిలో వెలుతురు పంపే యంత్రం, ఓఎల్‌టీ, +3 దగ్గర వదులుతుంది అనుకుందాం. వెలుతురుని ఎనిమిది దారులుగా చీల్చే స్ప్లిటర్ ఒక్కోటి పదిన్నర డీబీ తింటుంది, అలాంటివి ఒకదాని తర్వాత ఒకటి రెండుంటే 21. మూడు నాలుగు కిలోమీటర్ల తీగకి ఒకటిన్నర లోపు, అతుకులకి ఇంకొంచెం. కలిపితే -20 చుట్టుపక్కల తేలాలి. అక్కడినుంచి 6 డీబీ పడిందంటే రావలసిన వెలుతురులో నాలుగో వంతే వస్తోందని అర్థం. అంత నష్టం దూరం వల్ల రాదు. మధ్యలో ఎవరో ఏదో చేసి ఉండాలి.

చేసింది ఒకటి కాదు, రెండు. స్తంభం మీది డబ్బాలో ఉన్న కప్లర్ (రెండు తీగల చివరల్ని కలిపే ముక్క) నీలం రంగుది, అందులో అవతలి తీగ చివర ఉన్నదీ నీలం కనెక్టరే, కొత్తగా అతికిన తీగ చివర ఆకుపచ్చ కనెక్టర్. కేబుల్ టీవీ పనిలో ఆకుపచ్చది ఎక్కువ వాడతారు, చేతికి అదే దొరికి ఉంటుంది. రెండూ చక్కగా ఒకదాన్లో ఒకటి దూరతాయి, అదే అసలు చిక్కు. ఆకుపచ్చదాని గాజు మొన 8 డిగ్రీల వాలుగా కోసి ఉంటుంది, నీలందాని మొన వాలు లేకుండా ఉంటుంది. మధ్యలో గాలి సందు మిగిలి మూడు నాలుగు డీబీ అక్కడే పోతుంది. రెండోది, మిగిలిన తీగని బిగుతుగా చుట్టి జిప్ టైతో నొక్కేశారు. ఇరుకు వంపు 1310 నానోమీటర్ల వెలుతురుకంటే 1490ని ఎక్కువ బాధిస్తుంది. మనకి దిగేది 1490, మననుంచి ఎక్కేది 1310. ‘మా వైపు లెవెల్ బాగానే కనపడుతోంది’ అని ఆఫీసువాళ్లు అనడం అబద్ధమేమీ కాదు, వాళ్లు చూసేది మననుంచి ఎక్కే వెలుతురుని.

అంకెని ఫోన్‌లో చూపించాక ఆ కుర్రాడు లైట్ల సంగతి ఎత్తలేదు, నేరుగా పవర్ మీటర్ తీసి స్తంభం ఎక్కాడు. కనెక్టర్ మార్చి, మొనల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చుట్టని అరచేయంత వెడల్పుకి వదులు చేశాక -20.4కి వచ్చింది. ఇంట్లో మీరే తుడవాలనుకుంటే ముందు ఓఎన్‌యూ ఆపండి, తీగ మొనలోకి కన్ను పెట్టి చూడకండి. ఆ వెలుతురు కంటికి కనపడదు, హాని మాత్రం చేస్తుంది.

నా కొలత ఇది: -15 నుంచి -24 వరకు నిశ్చింత. -25 దాటితే ఇంకా పనిచేస్తున్నా ఫోన్ చెయ్యాలి. -8 కంటే ఎక్కువ ప్రకాశం కూడా మంచిది కాదు, కానీ స్ప్లిటర్లు దాటి వచ్చే ఇంటి లైన్లలో అది దాదాపు జరగదు. ఎండలో, వానలో, ఈదురుగాలిలో వేర్వేరుగా చూసి రాసుకుంటే చాలు.

పైన మెచ్చుకున్న అప్‌లోడ్ గురించి ఒక సవరణ. జీపాన్‌లో ఒక పోర్టుకి పైకి వెళ్లే దారి మొత్తం 1.25 జీబీపీఎస్, దాన్ని 64 ఇళ్లు పంచుకోవచ్చు. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య మాకు అప్‌లోడ్ వేగం సగానికి దిగుతుంది. పెద్ద అప్‌లోడ్లు పొద్దున్నే పెట్టుకుంటే గొడవ లేదు.

ఇక సీజీన్యాట్, అంటే ఆపరేటర్ ఒకే బయటి ఐపీ చిరునామాని చాలా ఇళ్లకి పంచడం. రూటర్‌లో వాన్ చిరునామా (ఆపరేటర్ ఇచ్చినది) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి ఇంట్లోని యంత్రానికి దారి తెరవడం) మీద ఆశ వదులుకోవాలి. ఇంటి సర్వర్ బయటికి కనపడాలంటే నెలకి అదనంగా కట్టి మారని సొంత చిరునామా, అంటే స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా కొత్త తరం చిరునామాలైన ఐపీవీ6 వాడాలి, లేదా ముంబైలోనో హైదరాబాద్‌లోనో చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) పెట్టి ఇంటినుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో సొరంగం తవ్వాలి. నేను చివరిది వాడుతున్నాను. అందులో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 (పాతిక సెకన్లకోసారి పలకరింపు) పెట్టకపోతే మధ్యలోని న్యాట్ మనల్ని మరిచిపోతుంది. మాది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ లైన్ కాబట్టి ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 1492, అందులో వైర్‌గార్డ్‌కి 1412 పెట్టాలి. 1420 అలాగే ఉంచితే, సొరంగం ఐపీవీ6 మీద నడిచినప్పుడు కొన్ని పేజీలు తెరుచుకుంటాయి, కొన్ని తెల్లగా వేలాడతాయి. ఎస్‌ఎస్‌హెచ్ తెగకుండా ఉండడానికి సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 30 సెకన్లు చాలు.

కరెంటు పోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఓఎన్‌యూని మూడు గంటలు లాగుతుంది. అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లు చూసి కొనాలి. ఆ తర్వాత అంతా ఆపరేటర్ గదిలోని బ్యాటరీ దయ. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ లాంటివి వస్తే స్తంభాలే ఉండవు. పలాస వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మీరూ తీసుకోవాలా అంటే, నా పని టెర్మినల్, కంటైనర్లు. రెండు గంటలు ఆగితే కొంప మునగదు, ఊళ్లో ఉంటాను, లైన్ కుర్రాడు పిలిస్తే వస్తాడు. గంటగంటకీ క్లయింట్ కాల్స్ ఉన్నవాళ్లకి ఇదొక్కటే పెట్టుకోమని చెప్పను, వేరే దారిలో వచ్చే రెండో లైనో 5జీ సిమ్మో ఉండాలి. బొబ్బిలి అవతల పల్లెల్లో ఇదే ఆపరేటర్ ఎలా ఉంటాడన్నది అక్కడి స్ప్లిటర్లని బట్టి ఉంటుంది. కనెక్షన్ ఇచ్చిన రోజే ఆ అంకె చూపించమని అడగండి. -24 కంటే కిందికి, అంటే -25, -26 అలా ఉంటే అక్కడికక్కడే సరిచేయించుకోండి, డిపాజిట్ కట్టాక ఆ పని జరగదు. నేనైతే ఇప్పటికీ ఏడాది ప్లాన్ తీసుకోలేదు, నెలనెలా కడుతున్నాను.