పీక్యూ 6 మేలా, జీఎన్ 38 మేలా?

"అన్నయ్యా, వెయిటింగ్ లిస్టులో నాది ఆరే, నీది ముప్ఫై ఎనిమిది. ఇంకో వారం వైజాగ్‌లోనే ఉండి అరిసెలు తిను" అని మా పిన్ని కొడుకు ఫోన్‌లో ఒకటే నవ్వు. సంక్రాంతి తిరుగు ప్రయాణం. ఇద్దరిదీ ఒకటే రైలు, స్లీపర్ క్లాసు. నేను వైజాగ్‌లో ఎక్కి హైదరాబాద్‌లో దిగాలి, వాడు తునిలో ఎక్కి వరంగల్‌లో దిగాలి. చార్ట్, అంటే రైలు బయల్దేరే ముందు ఎవరికే బెర్తో తేల్చే జాబితా, వచ్చేసరికి నాకు మిడిల్ బెర్త్ పడింది. వాడి ఆరు మూడుకి వచ్చి అక్కడే ఆగిపోయింది. పాపం, ఆ రాత్రి బస్సులో చివరి వరుసలో కూర్చుని వెళ్లాడు.

వాడు చూసింది అంకెనే. దాని ముందున్న అక్షరాలు చూడలేదు. నాది జీఎన్‌డబ్ల్యూఎల్, అంటే జనరల్ వెయిటింగ్ లిస్ట్. రైలు బయల్దేరే ఊరి నుంచి, లేదా దాని దగ్గరి స్టేషన్ల నుంచి దూరం వెళ్లేవాళ్లది. రైల్లో ఎక్కువ బెర్తులు ఈ కోటావే కాబట్టి క్యాన్సిల్ అయ్యేవీ ఇందులోనే ఎక్కువ. క్యూ పొడుగైనా గబగబా కదులుతుంది. వాడిది పీక్యూడబ్ల్యూఎల్, పూల్డ్ కోటా. దారిలో ఉన్న చిన్నా చితకా స్టేషన్లన్నిటికీ కలిపి ఇచ్చే కొద్దిపాటి బెర్తులవి. వాటిలో ఎవరైనా మానుకుంటేనే వాడి నంబర్ కదిలేది. ఈ రెంటికీ మధ్యలో ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అని ఇంకోటుంది. ఎక్కడినుంచో వచ్చే రైలు మన ఊరి పెద్ద స్టేషన్‌లో ఆగితే, ఆ స్టేషన్‌కి విడిగా ఇచ్చే కోటా మీద నడిచే లిస్ట్. దీని మీదా పెద్దగా ఆశ పెట్టుకోను. ముందే చెబుతున్నా, ఇవి నా లెక్కలు, రైల్వే ఇచ్చే హామీలు కావు: జనరల్‌లో ముప్ఫై, నలభై ఉన్నా, ఇంకా నెల టైముంటే టికెట్ తీసేస్తా. పూల్డ్‌లో పది దాటితే తీయను, పండగ రోజుల్లో అయితే ఐదు కూడా అనుమానమే.

టికెట్ మీద '38/9' అని ఉంటే మొదటిది బుక్ చేసిన రోజు నంబర్, రెండోది ఇవాళ్టిది. చాలామంది మొదటిది చూసి గుండె పట్టుకుంటారు. చూడాల్సింది రెండోదాన్ని.

మరి చిన్న స్టేషన్‌లో ఎక్కేవాళ్ల గతేంటి? ఒక దారుంది. రైలు బయల్దేరే ఊరి నుంచి చివరి ఊరి దాకా టికెట్ తీసుకుని, బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ పాయింట్‌గా మన స్టేషన్ పెట్టుకోవడం. అప్పుడు జనరల్ లిస్టులో నిలబడతాం. దిగడం మధ్యలో ఎక్కడ దిగినా అడిగేవాళ్లుండరు. పూర్తి దూరానికి ఛార్జీ కట్టాలి, అది నిజమే. స్లీపర్‌లో ఆ తేడా బస్సు టికెట్‌తో పోలిస్తే నాకు బరువనిపించదు, ఏసీ అయితే లెక్క వేసుకోండి. ఒకటి గుర్తుంచుకోవాలి: బోర్డింగ్ మార్చాక మొదటి స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది.

ఆర్‌ఏసీ, అంటే ఒకే బెర్త్‌లో ఇద్దరికి కూర్చునే చోటు, వస్తే మాత్రం రెండో ఆలోచన వద్దు. ఛార్జీ మొత్తం తీసుకుని సగం బెర్త్ ఇస్తారని తిట్టుకుంటాం కానీ, దాంతో రైలెక్కొచ్చు. సైడ్ లోయర్‌లో ఇద్దరం ఎదురెదురుగా, ఎదుటాయన మోకాళ్లు మన మోకాళ్లకి తగులుతూ, మధ్యలో ఆయన అరిసెల డబ్బా. ఎవరైనా రాకపోతే టీటీ ఆ బెర్త్ ముందు ఆర్‌ఏసీ వాళ్లకే ఇవ్వాలి. నాకు ఓసారి ఖమ్మం దాటాక అలా దొరికింది. వెయిటింగ్ 1 చేతిలో ఉన్నవాడికి ఈ వీలు లేదు. చార్ట్ వచ్చాక ఆన్‌లైన్ టికెట్ మొత్తం వెయిటింగ్‌లోనే ఉండిపోతే అదంతట అదే రద్దయి, కొంత కోతతో డబ్బు వెనక్కొస్తుంది. దాంతో రైలెక్కితే టికెట్ లేనట్టే లెక్క. కౌంటర్ టికెట్ అలా రద్దు కాదు, మనమే క్యాన్సిల్ చేసుకోవాలి. దానితోనూ రిజర్వుడు బోగీలో కూర్చోనివ్వరు. ఇంకోటి, నలుగురు వెళ్తుంటే ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకోండి. వాళ్లలో ఒక్కరికి కన్ఫర్మ్ అయినా, ఆర్‌ఏసీ వచ్చినా, మిగతావాళ్ల పేర్లు కూడా చార్టులో ఉంటాయి. మా ఇంట్లో తలో ఫోన్‌లో తలో టికెట్ తీసి ఒకసారి అనుభవించాం.

ఇక తత్కాల్. వెయిటింగ్‌తో తిప్పలు పడేకన్నా అదే నయం కదా అంటారు. ముందురోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి తెరుచుకుంటుంది. ఓటీపీ వచ్చేలోపే బెర్తులు అయిపోతాయి, ఆ టెన్షన్ తెలిసిందే. కన్ఫర్మ్ అయితే సరే, స్లీపర్‌కి అదనంగా 100 నుంచి 200 పోతే పోయాయి. తర్వాత మానుకుంటే మాత్రం పైసా రాదు. అసలు పొరపాటు ఎక్కడంటే, తత్కాల్‌లో కూడా వెయిటింగ్ చూపిస్తే తీసుకోవడం. టీక్యూడబ్ల్యూఎల్, అంటే ఈ తత్కాల్ వెయిటింగ్ లిస్ట్‌కి ఆర్‌ఏసీ మెట్టే లేదు, పైగా చార్ట్ వేసేటప్పుడు జనరల్ లిస్ట్ తర్వాతే దీని వంతు. తత్కాల్ 4 కన్నా జనరల్ 20 నాకు నమ్మకం. రెండూ పోతే చార్ట్ వచ్చాక కరెంట్ బుకింగ్, అంటే అప్పటికి మిగిలిన బెర్తులు, ఒకసారి చూస్తా. మామూలు రోజుల్లో అప్పుడప్పుడు దొరుకుతాయి.

రిజర్వేషన్ 120 రోజుల ముందు కాకుండా 60 రోజుల ముందు మొదలవుతున్నది 2024 నవంబర్ నుంచి. ఈసారి దసరాకి మా ఆ పిన్ని కొడుకే ఆ లెక్కన రోజు చూసుకుని కూర్చున్నాడు. వైజాగ్ నుంచి హైదరాబాద్ దాకా తీసి, బోర్డింగ్ తుని పెట్టాడు. పొద్దున మెసేజ్ వచ్చింది: "అన్నయ్యా, జీఎన్ 21 వచ్చింది. ఆరు కన్నా ఇదే నయమని అమ్మకి నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మట్లేదు."