రూఫ్ క్లెయిమ్ చెక్కు వచ్చిందా? కూలీలో కోత పెట్టారేమో చూసుకోండి

ఇల్లినాయిలో, ముఖ్యంగా నేపర్‌విల్, అరోరా వైపు ఇళ్లు ఉన్న మనవాళ్లు దయచేసి చదవండి.

వడగళ్లకు మా రూఫ్ దెబ్బతింటే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ ఒప్పుకుని చెక్కు పంపింది. వెంట వచ్చిన ఎస్టిమేట్ చూస్తే ఒళ్లు మండింది. కొత్త షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) ధరలో డిప్రిసియేషన్ కింద, అంటే పాత రూఫ్ వయసును బట్టి, కొంత తగ్గించారు, అది సరే. పాతవి ఊడబెరికే పనికి, కొత్తవి వేసే కూలీకి కూడా కట్ చేశారు! ఇంకా మొదలే కాని పని ఎలా పాతబడుతుంది?

20,000 డాలర్ల పనిలో కూలీ 9,000 అనుకోండి. సగం డిప్రిసియేషన్ వేస్తే ఒక్క కూలీలోనే 4,500 పోతుంది. కొన్ని ఎస్టిమేట్లలో 'డిప్రిసియేట్ నాన్ మెటీరియల్', 'డిప్రిసియేట్ రిమూవల్' అని ఉంటాయి. వాటి పక్కన 'యెస్' ఉంటే కూలీ తగ్గించారన్నట్టే.

ఇదే విషయం మీద వచ్చిన క్లాస్ యాక్షన్ (ఒకే సమస్య ఉన్న చాలామంది తరఫున కలిపి వేసే) కేసులో ఇల్లినాయి సుప్రీంకోర్టు 2021లో ఇంటి యజమానుల వైపే తీర్పు చెప్పింది. పాలసీలో స్పష్టంగా రాయకపోతే కూలీకి డిప్రిసియేషన్ వేయకూడదంది. టెనెసీ సుప్రీంకోర్టు 2019లోనే ఇలా తేల్చింది. నార్త్ కరోలినాలో మాత్రం 2020లో తీర్పు కంపెనీకి అనుకూలంగా వచ్చింది, కాబట్టి క్యారీ, షార్లెట్‌లో ఉన్నవాళ్లు ఈ తీర్పుల మీద ధీమాగా ఉండొద్దు.

అసలు జాగ్రత్త పడాల్సింది రెన్యూవల్ దగ్గర. కూలీకీ డిప్రిసియేషన్ వర్తిస్తుందని ఒక ఎండార్స్‌మెంట్ (పాలసీ షరతులను మార్చే అదనపు కాగితం) చేర్చేస్తే ఆ తీర్పు మనకు పనికిరాదు. ప్రీమియం ఎంత పెరిగిందో చూసి కాగితాలు పక్కన పడేయకండి, 'యాక్చువల్ క్యాష్ వాల్యూ' (డిప్రిసియేషన్ పోను మిగిలే విలువ) నిర్వచనం చదవండి.

"రిపేర్ చేయించి బిల్లులు పంపండి, మిగతాది ఇస్తాం" అంటారు. రీప్లేస్‌మెంట్ కాస్ట్ (కొత్తగా వేయించే ఖర్చు ఇచ్చే) పాలసీ అయితే అది నిజమే, కానీ దానికి గడువుంటుంది, ముందు మన జేబులోంచి పెట్టుకోవాలి. రూఫ్‌కు యాక్చువల్ క్యాష్ వాల్యూ మాత్రమే ఉంటే ఆ డబ్బు ఇక రాదు.

కూలీకి ఏ క్లాజు ప్రకారం కట్ చేశారో అడ్జస్టర్‌ను (కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే వ్యక్తిని) ఈమెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో వద్దు. జవాబు సరిగా లేకపోతే ఇల్లినాయి డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ఫీజు లేదు. పాత క్లెయిమ్ మీద క్లాస్ యాక్షన్ నోటీసు పోస్టులో వస్తే జంక్ మెయిల్ అనుకుని పారేయకండి. చాలా సెటిల్‌మెంట్లలో గడువులోగా ఫారం పంపినవాళ్లకే డబ్బు వస్తుంది.