ప్రొక్లెయిన్ పంపు పోయిందనగానే డబ్బులు తీయకండి: రీకండిషన్ పంపుల షాపుతో జాగ్రత్త

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, ముందూ వెనకా అయితే సర్దుకుని చదువుకోండి. షాపు పేరు రాయడం లేదు, వకీలు వద్దన్నాడు. వీడియోల్లో పంపు మీద చెయ్యేసి "గ్యారంటీ మనది" అని నవ్వే మనిషి అంటే వరంగల్ చుట్టుపక్కల ప్రొక్లెయిన్ (మట్టి తవ్వే బండి) ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నాది ఇరవై టన్నుల బండి, పాతదే. పరకాల వైపు చెరువు మట్టి పనిలో ఉంది. పొద్దున బాగానే నడిచేది. ఎండ ముదిరాక ఉన్నట్టుండి బూమ్, ఆర్మ్, బకెట్, స్వింగ్, చైన్లు అన్నీ ఒకేసారి బంద్. ఇంజన్ మాత్రం హాయిగా తిరుగుతూనే ఉండేది. కాసేపు ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలే. ఒకపక్క ట్రాక్టర్లవాళ్ల తిట్లు, ఇంకోపక్క ఫైనాన్స్ కిస్తీ. ఆ టెన్షన్‌లో ఆ షాపాయనకు ఫోన్ చేశాను. బండి చూడకుండానే "వేడెక్కితే ఆగుతుందా? మెయిన్ పంపు ఖతం అన్నా" అన్నాడు. మెయిన్ పంపు అంటే ఆయిల్‌ని ప్రెషర్‌తో తోసి బూమ్, బకెట్ అన్నిటినీ కదిలించేది.

వచ్చి ఏం చూశాడంటారా? ఇనుప రాడ్ ఒక కొస పంపుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గుడిలో కూడా ఎవరూ అంత భక్తిగా నిలబడరు. "గేజ్ పెట్టి ప్రెషర్ చూద్దామా" అంటే "ఇన్నేళ్ల చెయ్యి అన్నా, గేజ్ ఏం చెప్తది" అన్నాడు. మీటర్ తీయలేదు, ఫిల్టర్ విప్పలేదు. రీకండిషన్ చేసిన వేరే పంపు వేయడానికి 2,30,000 రూపాయలు అన్నాడు, పాత పంపు వాళ్లకే. "అది వేస్ట్, తుక్కు రేటే" అని 15,000 తగ్గించి, ఉపకారం చేసినట్టు మొహం పెట్టాడు. హైడ్రాలిక్ ఆయిల్ బ్యారెల్ నా ఖర్చు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద లెక్క రాసిచ్చాడు. నేనూ దాన్ని భద్రంగా మడిచి జేబులో పెట్టుకున్నాను, ఏదో పట్టాదారు పాస్‌బుక్ ఇచ్చినట్టు.

వాళ్ల యార్డులో తెల్లారేసరికి బండి స్టార్ట్ చేసి చూపించారు. బ్రహ్మాండంగా నడిచింది. నడవదా మరి? చల్లగా ఉన్నప్పుడు పాత పంపుతో కూడా నడిచేది! సైట్‌కి వచ్చి ఎండెక్కాక మళ్లీ అదే ఆట. ఫోన్ చేస్తే ఎత్తడు.

చివరికి అసలు లోపం దొరికింది ఎవరికంటే, నర్సంపేటలో లారీల వైరింగ్ చేసుకునే ఒక కుర్రాడికి. ప్రొక్లెయిన్ పని పెద్దగా చేయలేదని ముందే చెప్పాడు. వచ్చి నీడలో కూర్చున్నాడు. "ఆగనివ్వండి అన్నా, ఆగినప్పుడే చూడాలి" అన్నాడు. బండి ఆగింది. ఇంజన్ నడుస్తుండగానే, సేఫ్టీ లివర్ (జాయ్‌స్టిక్‌లను లాక్ చేసేది) కిందికి దించి ఉంచి, పైలట్ లైన్ (జాయ్‌స్టిక్‌లకు ఆయిల్ వెళ్లే దారి) మీదున్న సొలినాయిడ్ కనెక్టర్ పీకి మీటర్ పెట్టాడు. సొలినాయిడ్ అంటే లోపలి కాయిల్‌కి కరెంటు అందితే ఆయిల్ దారి తెరిచే వాల్వ్. 24 వోల్టుల సిస్టమ్ కాబట్టి ఇంజన్ మీద 27, 28 చూపించాలి. చూపించింది. అంటే ఫ్యూజు, వైరు, లివర్ కింది స్విచ్ అన్నీ బాగున్నట్టే. తర్వాత కాయిల్‌కి ఓమ్స్ పెట్టి చూశాడు. మీటర్ ఏమీ చూపించలేదు, లోపల తెగింది. కాయిల్ చల్లారాక మళ్లీ పెడితే రీడింగ్ మామూలుగా వచ్చింది! వేడికి లోపలి తీగ విడిపోతోంది, చల్లారితే అంటుకుంటోంది.

ఆ కాయిల్‌కి కరెంటు అందకపోతే జాయ్‌స్టిక్‌లకు పైలట్ ఆయిల్ వెళ్లదు. పైలట్ ప్రెషర్ ఇలాంటి బండ్లలో 35-40 బార్ దగ్గర ఉంటుంది, అది లేకపోతే మెయిన్ వాల్వ్‌లో స్పూళ్లు (ఆయిల్ దారి తెరిచే కడ్డీలు) కదలవు. పంపు ఎంత బలంగా ఉన్నా బకెట్ లేవదు. అందుకే ఇంజన్ మీద లోడ్ పడకుండా హాయిగా తిరిగేది. కుర్రాడు పక్కనే ఉన్న ట్రావెల్ స్పీడ్ కాయిల్ విప్పి దీనికి మార్చాడు, మా బండిలో రెండూ ఒకటే రకం. చైన్ల స్పీడ్ గేర్ తప్ప అన్నీ నడిచాయి. సాయంత్రం దాకా ఒక్కసారి ఆగలేదు. కొత్త కాయిల్ 4,000 కూడా కాలేదు.

ఇదంతా ఒక ఎత్తు. పోయిన కాయిల్ చొక్కా జేబులో వేసుకుని షాపుకు వెళ్లాను. బల్ల మీద ఒక పంపు ఉంది, అప్పుడే బూడిద రంగు కొట్టారు, ఇంకా తడిగానే ఉంది. దాని ఫ్లాంజ్ పక్కన ఉలితో కొట్టిన మూడు గాట్లు. భూపాలపల్లిలో పోయినసారి పంపు విప్పినప్పుడు, తిరిగి అదే తీరుగా బిగించడానికి మెకానిక్ నా కళ్ల ముందు కొట్టిన గాట్లు! వాటిలో రంగు నిండి మెరుస్తోంది. జమ్మికుంట నుంచి వచ్చినాయనకు మనవాడు దాన్నే చూపిస్తున్నాడు: "తక్కువ గంటలు నడిచిన బండిది సార్, లోపల అద్దం లెక్క ఉంది."

"ఇది నా పంపే కదా?" అన్నాను.

"నీది తుక్కులో పోయిందన్నా. పంపులన్నీ ఒక్క తీరే ఉంటయి."

కాయిల్ తీసి చూపించాను. చేతిలోకి కూడా తీసుకోలేదు. "పంపు పోయింది, కాయిలు కూడా పోయింది. నీ బండి ముసలిది, నేనేం జెయ్య? జర పక్కకు జరుగు, కస్టమర్ ఉన్నడు."

రెండు లక్షల పైన లెక్కపెట్టి ఇచ్చిన నేను కస్టమర్ని కాదన్నమాట! కన్జ్యూమర్ కోర్టుకు వెళ్తానంటే "కమర్షియల్ బండికి అది నడవది పో" అన్నాడు. అదీ అబద్ధమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సొంత ఉపాధి కోసం, బతుకుదెరువుకే కొనుక్కున్న వస్తువుకు మినహాయింపు ఉందని వకీలు చెప్పాడు. నోటీసు రాస్తున్నాం. ఆ తెల్లకాగితంతో ఏమవుతుందో చూడాలి.

సరే, మీకు పనికొచ్చేది. అన్నీ ఒకేసారి ఆగితే ముందు ఫ్యూజు, సేఫ్టీ లివర్ స్విచ్, సొలినాయిడ్, పైలట్ ప్రెషర్ చూపించండి, అదీ బండి ఆగి ఉన్నప్పుడే. అరిగిన పంపు మామూలుగా ఆయిల్ వేడెక్కే కొద్దీ మెల్లమెల్లగా బలం తగ్గిస్తుంది, స్విచ్ ఆపినట్టు ఆగదు. పంపు పగిలిందంటే ఫిల్టర్ కోయించి ఇత్తడి పొడి ఉందేమో చూడండి. గేజ్ లేని మెకానిక్‌ని బండి ఎక్కనివ్వొద్దు. పాత పంపు వదలొద్దు, జీఎస్టీ బిల్లు లేకుండా రూపాయి ఇవ్వొద్దు.

జమ్మికుంట అన్నా, ఇది మీ కంట పడితే చెప్తున్నా: ఆ పంపుకు ఏ రోగమూ లేదు, నిజంగానే మంచిది. కానీ అది నాది, కొనకండి.